బరువు తగ్గమని చెప్పే ముందు గతం అడగండి

సంపాదక మహాశయులకు,

నమస్కారములు.

మీ పత్రిక ఆరోగ్య పుటలో బరువు తగ్గించుకునే పద్ధతుల మీద వ్యాసాలు తరచుగా వస్తున్నాయి. పెళ్ళిళ్ళ ముహూర్తాలు దగ్గర పడుతున్నప్పుడు, కొత్త సంవత్సరం మొదలైనప్పుడు వాటి జోరు మరీ ఎక్కువగా ఉంటుంది. అవి దాదాపు అన్నీ మొదటిసారి బరువు తగ్గాలనుకునే ఆరోగ్యవంతులను దృష్టిలో పెట్టుకుని రాసినవే. కానీ ఆ పుటను ఆశగా చదివేవారిలో చాలామంది నాలాంటివారు. ఏళ్ళ తరబడి రకరకాల డైటింగులు చేసి, తగ్గి, తగ్గినదానికన్నా ఎక్కువ పెరిగి, ఆ క్రమంలో ఒంట్లోని సత్తువనూ, కంచం ముందు నిశ్చింతగా కూర్చునే అలవాటునూ పోగొట్టుకున్నవారు. వీరికి బరువు తగ్గవలసిన అవసరం నిజంగానే ఉండవచ్చు. షుగరు వచ్చే సూచనలు ఉండవచ్చు, మోకాళ్ళు అరిగి ఉండవచ్చు. అయినా కొత్తవారికి ఇచ్చే సలహానే వీరికీ ఇస్తే మేలు కన్నా కీడే ఎక్కువ జరుగుతుందనీ, వీరు ముందుగా చేయవలసిన పని వేరే ఉందనీ విన్నవించుకోవడానికే ఈ లేఖ రాస్తున్నాను.

నా సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది నా ఒక్కదాని సంగతి కాదు. డిగ్రీ చదివే రోజుల్లో ఇంట్లో సంబంధాలు చూడడం మొదలుపెట్టినప్పుడు నాచేత రాత్రి భోజనం మాన్పించడంతో ఇది ఆరంభమైంది. పెళ్ళయి పిల్లలు పుట్టాక ఉడికించిన కూరగాయలు, కీరదోస ముక్కలు మాత్రమే తినే పద్ధతి వచ్చింది. ఆ తర్వాత భోజనానికి బదులు పొడి కలుపుకుని తాగే డబ్బాలు వచ్చాయి. కొన్నేళ్ళ కిందట మన రెండు రాష్ట్రాల్లో ఊరూరా మారుమోగిన కొబ్బరి నూనె, నిమ్మకాయల పద్ధతీ మా ఇంటికి వచ్చింది; ఆ రోజుల్లో మా వీధి కిరాణా కొట్టాయన గానుగ కొబ్బరి నూనె ప్రత్యేకంగా తెప్పించి పెట్టేవాడు. ప్రతి పద్ధతిలోనూ మొదటి నెలలో బరువు దిగింది, దిగిన ప్రతిసారీ ఇంటా బయటా మెచ్చుకున్నారు, ఏడాది తిరిగేలోగా ఆ బరువు వడ్డీతో సహా వెనక్కి వచ్చింది.

ఈలోగా జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది, నెలసరి కొన్ని నెలలపాటు నిలిచిపోయింది, చివరకు పిత్తాశయంలో రాళ్ళు చేరి ఆపరేషను చేయించుకోవలసి వచ్చింది. ఒంట్లోని కొవ్వు వేగంగా కరుగుతున్నప్పుడు కాలేయం పిత్తరసంలోకి కొలెస్ట్రాల్‌ను ఎక్కువగా వదులుతుందనీ, తిండిలో కొవ్వు బొత్తిగా లేకపోతే పిత్తాశయం సరిగా ముడుచుకోక ఆ రసం నిలవ ఉండిపోయి రాళ్ళు కడుతుందనీ, ఇది వైద్యులకు బాగా తెలిసిన విషయమేననీ ఆపరేషను చేసిన డాక్టరుగారు చెప్పేదాకా నాకు ఎవరూ చెప్పలేదు. ఇక జుట్టు పస్తులున్నప్పుడే ఊడదు. రెండు మూడు నెలలు గడిచాక ఊడుతుంది. అందువల్ల చాలామంది ఆడవాళ్ళకు ఆ రెంటికీ సంబంధం ఉందని తోచదు, నూనెలు, షాంపూలు మారుస్తూ ఉండిపోతారు.

ఇలాంటివారిని చూసి లోకం అనే మాట ఒకటే: నోరు కట్టుకోలేకపోయారు అని. ఇది నిజం కాదని తేలి 80 ఏళ్ళయింది. రెండో ప్రపంచ యుద్ధం ముగుస్తున్న రోజుల్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులపై వారి సమ్మతితోనే ఒక ప్రయోగం చేశారు. 24 వారాలపాటు వారికి రోజుకు సుమారు 1,570 కెలోరీల ఆహారం పెట్టారు. మన దగ్గర చేతులు మారుతున్న డైట్ చార్టులు చాలావాటిలో ఇంత తిండి కూడా ఉండదు. ఆ యువకులు తమ బరువులో నాలుగో వంతు కోల్పోయారు. గుండె వేగం మందగించింది, చలి ఓర్చుకోలేకపోయారు, చిరాకు, దిగులు కమ్ముకున్నాయి. ఎప్పుడూ వంటింటి వైపు చూడని కుర్రవాళ్ళు వంటల పుస్తకాలు పోగేసి చదివారు, పళ్ళేలు నాకారు. ప్రయోగం ముగిసి తిండి మళ్ళీ దొరికాక కూడా కొందరికి ఎంత తిన్నా కడుపు నిండినట్లు అనిపించలేదు. పోయిన కొవ్వు కన్నా ఎక్కువ కొవ్వు ఒంటికి తిరిగి చేరింది. వీరంతా నమ్మిన ధర్మం కోసం యుద్ధంలో ఆయుధం పట్టబోమని ఎదురు నిలిచినవారు. వారికి మనోనిబ్బరం లేదని ఎవరనగలరు?

ఈ మధ్యకాలానికి వస్తే, అమెరికాలో ఒక టీవీ పోటీలో పాల్గొని అతివేగంగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ళ తర్వాత మళ్ళీ పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. వారిలో ఎక్కువమందికి తగ్గిన బరువులో చాలా భాగం తిరిగి వచ్చేసింది. అంతకన్నా బాధాకరం ఏమిటంటే, కదలకుండా ఉన్నప్పుడు వారి శరీరం ఖర్చు చేసే శక్తి, అంత ఒళ్ళున్న మనిషికి ఉండవలసినదానికన్నా రోజుకు దాదాపు 500 కెలోరీలు తక్కువగా ఉంది. అంటే పక్కవారు తినే మామూలు భోజనమే వీరికి ఎక్కువైపోతుంది. 2011లో ఆస్ట్రేలియాలో జరిగిన మరో పరిశీలనలో, బరువు తగ్గి ఏడాది గడిచినా ఆకలిని పుట్టించే గ్రెలిన్ హార్మోను ఎక్కువగానూ, ఇక చాలునని మెదడుకు చెప్పే లెప్టిన్ తక్కువగానూ ఉన్నట్లు తేలింది. కరువు చూసిన ఇల్లు గింజ దాచుకున్నట్లు, పస్తులెరిగిన ఒళ్ళు కొవ్వు దాచుకుంటుంది.

అందరూ సిగ్గుతో దాచుకునే మరో సంగతి రాత్రి తిండి. రోజంతా కీరదోస ముక్కలతో, పలచటి మజ్జిగతో గడిపిన మనిషి, ఇంట్లో అందరూ పడుకున్నాక, వంటింటి లైటు కూడా వేయకుండా ఫ్రిజ్జు తలుపు వెలుతురులో నిలబడి, గిన్నె అడుగున మిగిలిన చల్లటి పులిహోరను వేరుశనగ పలుకులతో సహా చేత్తో తీసుకుని తింటుంది. తర్వాత డబ్బాలోని కారప్పూస, ఆ పైన పిల్లల బిస్కట్లు. రుచి తెలియదు, ఆగాలని ఉన్నా చెయ్యి ఆగదు. తెల్లవారి లేవగానే ఆ పశ్చాత్తాపంతో టిఫిను మానేస్తుంది. టిఫిను మానినందువల్లే ఆ రాత్రి మళ్ళీ అదే జరుగుతుంది. ఇలా అదుపు తప్పి తినడం, సగటున వారానికి ఒకసారైనా చొప్పున మూడు నెలలపాటు కొనసాగితే, దాన్ని ఒక ప్రత్యేకమైన రుగ్మతగా అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో తన ప్రామాణిక గ్రంథంలో చేర్చింది. తిన్నది వాంతి చేసుకునేవారు, విరేచనాల మాత్రలు వేసుకునేవారు కూడా మన మధ్యనే ఉన్నారు. వారికి రక్తంలో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఇలాంటివారికి ఇంకొక డైట్ చార్టు ఇవ్వడం పుండు మీద కారం చల్లడమే. వీరికి ముందు కావలసింది మానసిక వైద్యుల సాయం. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవలో 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చునన్న విషయం మీ ఆరోగ్య పుటలో బరువు గురించి రాసిన ప్రతిసారీ వేస్తే ఎంతో ఉపకారమవుతుంది.

మరి ఇటువంటి గతం ఉన్నవారు ఆరోగ్యంగా తగ్గడం సాధ్యమేనా? సాధ్యమే, కానీ దారి వేరు. నేను చివరకు సంప్రదించిన డైటీషియన్ నన్ను బరువు చూసే యంత్రం ఎక్కించడానికి ముందు, ఇంతవరకూ ఏమేం పద్ధతులు చేశారో, ఎంతకాలం చేశారో, ఆ తర్వాత ఒంట్లో ఏమైందో ఒక్కొక్కటే అడిగి రాసుకున్నారు. అన్నేళ్ళలో నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే. "మేడమ్, కొన్ని నెలలపాటు బరువు మాట మరిచిపోండి, ముందు వేళకు తినడం మొదలుపెడదాం, టిఫిను మాత్రం మానకండి" అన్నారు. తింటే పెరిగిపోతానన్న భయంతో నాకు ఆ మాట మింగుడు పడడానికి చాలా రోజులు పట్టింది.

ఆవిడ చెప్పిన భోజనంలో వింత ఏమీ లేదు. ఉదయం ఎనిమిదింటికల్లా రెండు పెసరట్లు, అల్లం పచ్చడి. లేదా ఇడ్లీ, కూరగాయ ముక్కలు ఎక్కువగా వేసిన సాంబారు, ఒక ఉడికించిన గుడ్డు. మధ్యాహ్నం అన్నం మానమనలేదు, ఒక కప్పు పెట్టుకుని కొలుచుకోమన్నారు. పప్పు నీళ్ళలా కాకుండా ముద్దగా, కూర అన్నం కన్నా ఎక్కువగా, చివర పెరుగు. సాయంత్రం నాలుగున్నరకు అలసందల గుగ్గిళ్ళో, ఉలవ గుగ్గిళ్ళో తప్పనిసరి. రాత్రి ఏడున్నరకు జొన్నరొట్టె, ఆకుకూర. నా అనుభవంలో అన్నిటికన్నా ఎక్కువ పని చేసింది ఆ సాయంత్రం గుగ్గిళ్ళే. గుప్పెడు గుగ్గిళ్ళు తిన్న మనిషికి రాత్రి పదకొండు గంటలకు ఫ్రిజ్జు గుర్తుకు రాదు. తినకూడని పదార్థమంటూ ఏదీ లేదన్నది రెండో సంగతి. ఆవకాయ అన్నమైనా, పండగ నాటి పులిహోరైనా పళ్ళెంలో పెట్టుకుని, నలుగురితో కూర్చుని, నెమ్మదిగా తినమన్నారు. నిషేధం పోయాక ఆ పదార్థాల మీద వెర్రి కూడా పోయింది.

మాంసకృత్తుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్ళలో ఆడవాళ్ళ కంచంలో కొరవడేది అవే. భారత వైద్య పరిశోధన మండలి 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం మామూలు మనిషికి కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు రోజూ కావాలి. అంటే 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములు; 100 గ్రాముల పచ్చి కందిపప్పులో 22 గ్రాముల దాకా ఉంటాయి. అన్నం, పప్పుచారు, పచ్చడితో ముగించే భోజనంలో ఈ లెక్క ఎలా కుదురుతుంది? అదీ సగానికి తగ్గించేస్తే శరీరం తన కండనే కరిగించుకుంటుంది. మనం బరువు తగ్గామని సంతోషించేదాంట్లో కొంత భాగం ఈ కండే. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఎక్కువగా కొవ్వు వస్తుంది. పదే పదే డైటింగు చేసినవారు చూడడానికి మునుపటి బరువులోనే ఉన్నా మెట్లెక్కలేక ఆయాసపడడానికి ఒక కారణం ఇదే. కాబట్టి నడక ఒక్కటే చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినట్లు వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడకతోపాటు, రెండు రోజులైనా కండరాలకు పని చెప్పాలి. దానికి జిమ్ము అక్కర్లేదు. చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు అరచేతులు ఆన్చి ఒంటిని ముందుకూ వెనక్కూ వంచడం, నీళ్ళు నింపిన లీటరు సీసాలు ఎత్తడం ఇంట్లోనే చేయవచ్చు.

తొందర పడకూడదన్న మాట మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఎప్పటినుంచో చెబుతూనే ఉంది. 1918లో కూనూరులో ఒక చిన్న పరిశోధన విభాగంగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన ఆ సంస్థ తన ఆహార సూచికల్లో వారానికి అర కిలో తగ్గడం క్షేమకరమనీ, బరువు తగ్గడానికి తినే ఆహారమైనా రోజుకు వెయ్యి కెలోరీలకు తగ్గకూడదనీ, అందులో పోషకాలన్నీ ఉండాలనీ చెప్పింది. 2024లో వెలువడిన సూచికల్లో, మనం తీసుకునే శక్తిలో ధాన్యాల వాటా 45 శాతానికి మించకుండా చూసుకుని, ఆ మేరకు పప్పులు, కూరగాయలు, గింజలు పెంచుకోమని ఉంది. ఇది అన్నం మానేయమనడం కాదు, అన్నం పక్కన పెట్టుకునేవి పెంచమనడం. గతంలో పస్తులున్నవారికైతే వారానికి అర కిలో కూడా ఎక్కువే కావచ్చునని, పావు కిలో తగ్గినా, అసలు కొన్ని వారాలు కదలకపోయినా కంగారు పడవద్దని నాకు చెప్పారు. నేను ఏడాది పొడవునా తగ్గినది, ఒకప్పుడు పొడి డబ్బాలతో రెండు నెలల్లో తగ్గినదానికి సమానం. కానీ ఇది తిరిగి రాలేదు, జుట్టు ఊడలేదు, మధ్యాహ్నం పూట కళ్ళు తిరగలేదు.

బరువు యంత్రం మీది అంకె ఒక్కటే కొలమానం కాకూడదు. మన దేశస్థులకు ఆడవారిలో 80 సెంటీమీటర్లు, మగవారిలో 90 సెంటీమీటర్లు దాటిన పొట్ట చుట్టుకొలత ప్రమాద సూచన. దర్జీ టేపుతో నెలకొకసారి కొలుచుకుంటే చాలు. దానితోపాటు హిమోగ్లోబిన్, బి12, థైరాయిడ్, మూడు నెలల షుగరు పరీక్షలు చేయించుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం మహిళలు ఉండవలసినదానికన్నా ఎక్కువ బరువున్నారు. అదే సర్వేలో రక్తహీనత ఉన్న మహిళలు ఆంధ్రలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూడమని మీ పాఠకులను కోరుతున్నాను. ఒళ్ళు చేసిన మనిషిలోనూ రక్తం చాలకపోవచ్చు. అలాంటి మనిషిని పస్తులుండమనడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా?

2025 నుంచి మన దేశంలో బరువు తగ్గడానికి వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్లు వచ్చాయి. వైద్యుల పర్యవేక్షణలో కొందరికి అవి నిజంగా ఉపయోగపడతాయి, వాటిని కాదనడం నా ఉద్దేశం కాదు. కానీ ఆకలిని అణిచే మందు కాబట్టి, ఇదివరకే తిండికి భయపడే మనిషి చేతిలో అది పస్తులకు మరో మార్గంగా మారకుండా చూసుకోవాలి. ఈ ఇంజెక్షన్లలో ఒక రకమైన సెమాగ్లుటైడ్ అనే మందు మీద జరిగిన ఒక పెద్ద పరీక్షలో, మందు ఆపిన ఏడాదికల్లా తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. ఎంతకాలం వాడాలి, ఆపాక ఏం చేయాలి, కండ కరగకుండా ఏం తినాలి అన్నవి మొదటి సూదికి ముందే తెలుసుకోవలసిన విషయాలు.

ఇంట్లోవారికి కూడా ఒక మాట. అందరికీ వడ్డించి, పిల్లలు వదిలేసినదీ, గిన్నెలో మిగిలినదీ తిని లేచే ఇల్లాలికి ఏం తింటున్నానో, ఎంత తింటున్నానో ఎలా తెలుస్తుంది? ఆమె కంచం కూడా అందరితోపాటే పెట్టండి. శుభకార్యాల్లో కనిపించగానే "ఏంటమ్మా, ఇంత లావయ్యావు" అని గానీ, "అబ్బ, ఎంత సన్నబడ్డావో" అని గానీ పలకరించడం మానండి. ఆ రెండో మాట విని సంబరపడి పస్తులు పొడిగించినవారిని నేనెరుగుదును.

ఇక పత్రికల బాధ్యత. 1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం తన పట్టికలో చేర్చిన జబ్బుల్లో ఊబకాయం ఒకటి. దాన్ని నయం చేస్తామంటూ మందుల ప్రకటనలు ఇవ్వడమే కాదు, వాటి ప్రచురణలో పాలు పంచుకోవడం కూడా ఆ చట్టం ప్రకారం నేరమే. అయినా నెలకు పది కిలోలు గ్యారంటీ అంటూ, లావుగా ఉన్న ఫొటో పక్కన సన్నబడిన ఫొటో పెట్టి, ఊబకాయానికి పొడులూ మాత్రలూ అమ్మే ప్రకటనలు తెలుగు పత్రికల జిల్లా పుటల్లో వస్తూనే ఉన్నాయి. ఆ రెండో ఫొటో తీసిన రెండేళ్ళకు ఆ మనిషి ఎలా ఉన్నారో ఎవరూ వేయరు. మీ పత్రికలో ఇలాంటి ప్రకటనలు తీసుకోవడం ఆపాలని కోరుతున్నాను. బరువు తగ్గిన వారి విజయగాథలు ప్రచురించేటప్పుడు, తగ్గి కనీసం రెండేళ్ళు నిలబడినవారినే ఎంచుకోవాలనీ, డైట్ చార్టు ఏది వేసినా గర్భిణులు, పిల్లలు, పిత్తాశయపు జబ్బు ఉన్నవారు, షుగరు మందులు వాడుతున్నవారు, గతంలో పస్తుల డైటింగులు చేసినవారు వైద్యులను అడగకుండా పాటించవద్దని పైనే పెద్ద అక్షరాలతో వేయాలనీ, అలాంటి గతం ఉన్న పాఠకుల ప్రశ్నలకు అర్హత ఉన్న డైటీషియన్, మానసిక వైద్యులు కలిసి జవాబిచ్చే శీర్షిక ఒకటి ప్రారంభించాలనీ నా మనవి.

గత కొద్ది నెలల్లో మీ పత్రికలో వచ్చిన అటువంటి ప్రకటనల కత్తిరింపులను, ప్రచురణ తేదీలు రాసి, ఈ లేఖకు జతపరిచాను. వాటిలో ఊబకాయానికి మందు అని నేరుగా పేర్కొన్నవాటి కింద గీత గీశాను. మీ ప్రకటనల విభాగానికి పంపి, వారి జవాబును ఇదే పుటలో ప్రచురించ ప్రార్థన.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
తెనాలి